పాత సింగర్ కాలి మిషన్ మీద ఫ్రీ మోషన్ క్విల్టింగ్: కింద దారం గూడు కడుతోంది

బొంతలపిచ్చి అడిగారు:

నా దగ్గరున్నది సింగర్ 66, కాలితో తొక్కేది, బాబిన్‌ని పైనుంచి పడుకోబెట్టి పెట్టే రకం. తిన్నటి కుట్టుకి వంక పెట్టడానికి లేదు, జీన్స్ మడతలు కూడా లెక్కచెయ్యదు. ఇప్పుడు దీని మీద ఫ్రీ మోషన్ (బొంత పొరల్ని చేత్తోనే అటూ ఇటూ జరుపుతూ కుట్టడం) మొదలుపెట్టాను. బట్టని ముందుకి తోసే పళ్ళు కిందికి దించే ఏర్పాటు దీనికి లేదు కాబట్టి సన్నటి ప్లాస్టిక్ అట్టకి సూది పట్టేంత కన్నం చేసి పళ్ళ మీద టేపుతో అంటించాను, బట్టని కదలనిచ్చే, స్ప్రింగ్ ఉన్న డార్నింగ్ ఫుట్ బిగించాను. పైన నూలు బట్ట, మధ్యలో పల్చటి దూది పొర, కింద నూలు బట్ట. దారం 50 నంబరు కాటన్, సూది 90/14.

మొదలుపెట్టిన నాలుగు కుట్లకే కింద దారం గూడు కట్టేస్తోంది. కత్తిరించి మళ్ళీ మొదలుపెడితే ఒక్కోసారి నడుస్తుంది, కానీ మలుపు తిరిగిన చోటల్లా వెనక వైపు దారం కనురెప్పల వెంట్రుకల్లా ఉచ్చులుగా బయటికొస్తోంది. పైన చూస్తే ఒకచోట కంటికి ఆననంత చిన్న కుట్టు, పక్కనే అర అంగుళం. దారం బిగువు మార్చే టెన్షన్ నాబ్ ఎటు తిప్పినా తేడా లేదు. మిషన్ పాతదైపోవడమే కారణమా? దీన్ని మామూలు కుట్టుకి వదిలేసి క్విల్టింగ్‌కి వేరే ఎలక్ట్రిక్ మిషన్ చూసుకోవాలా? ఇది వాడిన వాళ్ళెవరైనా చెప్పండి, ప్లీజ్.

పాతఇనుము రాశారు:

వేరే మిషన్ ఆలోచన ముందు పక్కన పెట్టండి. పాత తిన్నకుట్టు మిషన్‌కి సూది ప్లేటులో ఉండేది చిన్న గుండ్రటి కన్నం, జిగ్‌జాగ్ మిషన్లలాగా వెడల్పాటిది కాదు. సూది దిగినప్పుడు బట్ట దాంతోపాటు కిందికి కుంగదు, అందుకే ఫ్రీ మోషన్‌లో కుట్టు నీట్‌గా పడుతుంది. కొత్త మిషన్లున్న వాళ్ళు ఇందుకోసమే విడిగా ఒక ప్లేటు కొనుక్కుంటారు, మీకది ఊరికే వచ్చింది.

గూడు సంగతి. మొదలులోనే గూడు కట్టిందంటే నూటికి తొంభై పాళ్ళు పై దారం టెన్షన్ బిళ్ళల (దారాన్ని నొక్కిపట్టే జంట రేకుల) మధ్య బిగుసుకోలేదనే. ఫుట్ ఎత్తే మీట పైకి ఉంటే బిళ్ళలు విచ్చుకునే ఉంటాయి, అప్పుడు నాబ్ ఎంత బిగించినా ఒకటే, వదిలినా ఒకటే. డార్నింగ్ ఫుట్‌తో వచ్చే చిక్కేంటంటే, మీట దించినా అది బట్టని గట్టిగా నొక్కదు, మీట ఎత్తి ఉన్నా దించి ఉన్నా చూపుకి దాదాపు ఒకేలా ఉంటుంది, చాలామంది మీట పైకుండగానే కుట్టేస్తుంటారు. ఇలా చూడండి: దారం సూదిలో ఎక్కించి, మీట ఎత్తి, సూది దగ్గర దారం పట్టుకుని లాగితే సులువుగా జారి రావాలి. ఇప్పుడు మీట దించి లాగండి. దారం మొరాయించాలి, సూది కొద్దిగా వంగినట్టు కనపడాలి. మీట దించాక కూడా జారుతోందంటే బిళ్ళల మధ్య నూగో, పాత దారం ముక్కో ఇరుక్కుని ఉంటుంది. మీట ఎత్తి, దళసరి దారం ఒకటి బిళ్ళల మధ్యకి పోనిచ్చి ముందుకీ వెనక్కీ ఆడిస్తే వచ్చేస్తుంది.

రెండోది, కుట్టు మొదలుపెట్టే ముందు చక్రం చేత్తో ఒక్క చుట్టు తిప్పి బాబిన్ దారాన్ని బట్ట పైకి లాగండి. రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని మూడు నాలుగు చిన్న కుట్లు పడ్డాకే వదలండి. చక్రం పైభాగం మీ వైపుకే తిరగాలి. కాలి మిషన్ మొదలవ్వడంలో అర చుట్టు వెనక్కి తిరిగినా దారం చిక్కుపడుతుంది, చెయ్యి చక్రం మీద పెట్టి ఊపందించాకే తొక్కండి.

బాబిన్ కూడా చూడండి. 66కి దాని సొంత బాబిన్ ఉంది, పక్కలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. 15 రకం బాబిన్ పక్కలు చదును. దాన్ని 66లో పెడితే పట్టినట్టే అనిపిస్తుంది గానీ సరిగ్గా తిరగదు.

గీతలమెలిక రాశారు:

పైన చెప్పినదంతా కరెక్టే, నేను వెంట్రుకల గురించి చెప్తా. అది టెన్షన్‌కన్నా ఎక్కువగా చేతి సంగతి. ఫ్రీ మోషన్‌లో కుట్టు పొడవు మిషన్ చేతిలో ఉండదు. సూది ఎంత వేగంగా దిగుతోంది, బట్ట ఎంత వేగంగా జరుగుతోంది, ఈ రెండిటి మధ్య లెక్క అది. తిన్నగా వెళ్ళేటప్పుడు చాలామంది బాగానే కుడతారు, మలుపు రాగానే చెయ్యి తెలియకుండా జోరందుకుంటుంది, కాలేమో భయంతో నెమ్మదిస్తుంది. సూది ఇంకా బట్టలో ఉండగానే బట్ట పక్కకి జరిగిపోతే సూది వంగుతుంది, పై దారం వెనక్కి ఈడ్చుకుపోతుంది, అవే మీ ఉచ్చులు. అంగుళానికి ఎనిమిది పది కుట్లు పడేలా చూసుకుంటే చాలు, లెక్క తప్పినా పర్వాలేదు గానీ మలుపులో చెయ్యి నెమ్మదించాలి, కాలు అదే లయలో ఉండాలి.

నా లెక్కలో ఈ పనికి కాలి మిషనే మంచిది. రెండు చేతులూ ఖాళీ, పైగా ఒకసారి లయ పడ్డాక ఆ చక్రం బరువే వేగాన్ని నిలకడగా ఉంచుతుంది. చేత్తో తిప్పే మిషన్ అయితే ఒక చెయ్యి అక్కడే పోతుంది, దాని మీద మాత్రం వద్దనే చెప్పేదాన్ని. ముందు బట్ట లేకుండా, దారం లేకుండా కాలు ఒక్కటే ఆడించండి, తర్వాత కాగితం మీద దారం లేని సూదితో గీతలు తిప్పండి, కన్నాల మధ్య దూరం చూస్తే మీ చెయ్యి ఎక్కడ పరుగెడుతోందో ఇట్టే తెలిసిపోతుంది. అసలు బొంతలాగే మూడు పొరల ముక్క మీద, పైన ఒక రంగు దారం కింద ఒక రంగు దారం వేసి కుట్టండి. వెనక వైపు పై రంగు దారం చుక్కలు కనపడితే పై టెన్షన్ కొంచెం బిగించండి, ముందు వైపు కింద రంగు కనపడితే వదులు చెయ్యండి. ఒకేసారి ఒకటే మార్చండి, రెండూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో అర్థం కాదు.

కుంచెదువ్వెన రాశారు:

నాకు ఆ ప్లాస్టిక్ అట్ట మీదే అనుమానం. పళ్ళు కప్పాలనేది అందరూ చెప్పే మాటే గానీ, తప్పనిసరేం కాదు. కుట్టు పొడవు సున్నాకి తెస్తే పళ్ళు పైకీ కిందికీ ఆడతాయంతే, బట్టని ముందుకి తొయ్యవు. చాలామంది అలాగే కుడతారు. అట్ట మందంగా ఉంటే ఫుట్ కింద ఖాళీ తగ్గిపోయి మూడు పొరలు జరగడమే కష్టం, టేపు అంచు ఒక్క మూల లేచినా బట్ట అక్కడే తట్టుకుంటుంది. అట్ట తీసేసి ఒకసారి చూడండి.

పాతఇనుము రాశారు:

@కుంచెదువ్వెన, ఒప్పుకుంటా, కానీ 66లో పళ్ళు బాగా పైకి లేస్తాయి, పల్చటి వెనక బట్ట అయితే అడుగున గీసుకుంటూ పోతుంది. నేనైతే అట్టే వాడతా, కాకపోతే సన్నటిది, అంచులు నున్నగా. సింగర్‌లోనే 221 ఫెదర్‌వెయిట్ మోడల్‌కీ పళ్ళు దిగవు, దానికీ ఇలా పైన కప్పే ప్లేటే వాడతారు. 15-91, 201 లాంటి సింగర్ మోడళ్ళలో మాత్రం మిషన్‌ని వెనక్కి వాలిస్తే అడుగున చేత్తో తిప్పే స్క్రూ ఉంటుంది, పళ్ళు దించుకోవచ్చు.

66 వాడే మిగతావాళ్ళకి ఇంకో మాట. తొలినాళ్ళ అమెరికా 66లలో ఫుట్ వెనకనుంచి బిగించే రకం ఉంది, వాటికి మామూలు డార్నింగ్ ఫుట్ పట్టదు, కొనేముందు చూసుకోండి.

బొంతలపిచ్చి రాశారు:

గూడు పోయింది! బిళ్ళల మధ్య నిజంగానే నీలం దారం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, నేను నీలం దారం వాడి ఎంత కాలమైందో. మలుపుల్లో ఉచ్చులు తగ్గాయి, అట్ట తీసి సున్నా పొడవుతోనూ కుట్టి చూశాను, నాకు అట్ట ఉంటేనే బట్ట బాగా జారుతోంది. ఇప్పుడు కొత్త గొడవ: కాసేపు కుట్టాక పై దారం పీచుపీచుగా చిరుగుతోంది. సూది కొత్తదే.

గీతలమెలిక రాశారు:

సూది కొత్తదైనా ఎటు తిరిగి ఉందో చూడండి. పొడుగాటి గాడి ఉన్న వైపునుంచే దారం కంటిలోకి వెళ్ళాలి, చదును వైపు షటిల్ (కింద పై దారాన్ని అందుకునే కొక్కెం) వైపుకి ఉండాలి. అది సరిగ్గా ఉంటే సూది ప్లేటు కన్నం చుట్టూ గోరుతో తడిమి చూడండి. ఎప్పుడో సూది వంగి తగిలి ఉంటే అక్కడ చిన్న గరుకు లేస్తుంది, దారాన్ని కోసేది అదే. చాలా సన్నటి ఎమెరీ కాగితాన్ని సన్నగా చుట్టి మెల్లగా రుద్దితే నున్నగా అయిపోతుంది. ఇంకా, దూది పొరతో కుట్టేటప్పుడు రెండు మూడు బాబిన్లకోసారి ప్లేటు విప్పి పళ్ళ సందుల్లో నూగు బ్రష్‌తో తీసెయ్యండి, అక్కడ అది గట్టి మెత్తలా పేరుకుపోతుంది. నూనె కుట్టుమిషన్ నూనే వెయ్యండి, వంటింటి నూనెలు ఎండి బంకలా పట్టేస్తాయి. నూనె వేశాక పనికిరాని ముక్క మీద కాసేపు కుట్టి, మరక పడట్లేదని చూసుకునే అసలు బొంత ఎక్కించండి.