గరాటు ఒరిగితే ప్రచురణ పక్షపాతం ఉన్నట్టేనా?

సంఖ్యాప్రియ:
ఒకే చికిత్సపై జరిగిన ట్రయల్స్‌ను (రోగులపై చేసిన ప్రయోగాలను) అడ్డంగా ఫలితం, నిలువుగా స్టాండర్డ్ ఎర్రర్ (ఫలితం ఎంత అనిశ్చితమో చెప్పే కొలత, పెద్ద ట్రయల్స్‌లో తక్కువ) తీసుకుని చుక్కలుగా పెడితే, పెద్దవి పైన ఒకచోట గుమిగూడి, చిన్నవి కింద ఇరువైపులా చెదిరి, బోర్లించిన గరాటులా కనిపించాలి. కింద ఒక మూల బోసిపోయి ఉంటే, మేలు కనబడని చిన్న ట్రయల్స్ బీరువాలు దాటి అచ్చుకాలేదని, అంటే ప్రచురణ పక్షపాతం ఉందని, అనుమానించవలసిందే. గుండెపోటుకు మెగ్నీషియం సంగతే చూడండి. 1991లో చిన్న ట్రయల్స్‌ను కలిపి లెక్కిస్తే మరణాలు బాగా తగ్గుతాయనిపించింది. 1995లో 58,050 మందితో ముగిసిన ఐసిస్-4 అనే పెద్ద ట్రయల్‌లో ఆ మేలు కనబడలేదు. 1997లో ఎగ్గర్ బృందం, గరాటు ఒరిగిందో లేదో లెక్కతో చూసే తమ పరీక్షను ప్రతిపాదిస్తూ ఈ గరాటునూ చూపింది.

వార్డు డాక్టర్:
అది అంత సూటి ఉదాహరణ కాదండీ. ఐసిస్-4లో మెగ్నీషియం చాలామందికి గడ్డ కరిగించే మందు తరువాతే అందిందని, చిన్న ట్రయల్స్‌లో ముందుగా ఇచ్చారని అప్పుడే అభ్యంతరం వచ్చింది. చికిత్స ఇచ్చిన తీరు వేరైతే, ఏ ట్రయల్‌నూ ఎవరూ దాచకపోయినా గరాటు ఒరుగుతుంది.

సంఖ్యాప్రియ:
2002లో వెలువడిన మ్యాజిక్ ట్రయల్‌లో 6,213 మందిపై, త్వరగా మొదలుపెట్టి చూసినా మరణాలు తగ్గలేదు కదా.

వార్డు డాక్టర్:
ఒప్పుకుంటాను. అయితే ఆ తగవు తీర్చింది మరో ట్రయలే గాని గరాటు కాదు.

థీసిస్ తిప్పలు:
నాకు దొరికినవి ఆరే ట్రయల్స్. కనీసం పది లేనిదే ఎగ్గర్ పరీక్ష పెట్టవద్దని చదివానని విన్నవించినా, థీసిస్ పరీక్షకులు గరాటు బొమ్మ ఉండితీరాలన్నారు. నిలువు అక్షంపై రోగుల సంఖ్య పెడితే గరాటు ఎడమకు ఒరిగింది, స్టాండర్డ్ ఎర్రర్ పెడితే ఇంచుమించు నిటారుగా నిలిచింది. దేన్ని నమ్మమంటారు?

రిజిస్ట్రీ పక్షం:
రెండింటినీ నమ్మకండి. డిప్రెషన్ మందులపై అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్ద నమోదైన 74 ట్రయల్స్‌ను టర్నర్ బృందం 2008లో వైద్య పత్రికల్లో అచ్చయినవాటితో సరిపోల్చింది. ఎఫ్‌డీఏ సానుకూలమన్న 38లో 37 అచ్చయ్యాయి. మిగిలిన 36లో 22 వెలుగు చూడనే లేదు, మూడు ఉన్నదున్నట్టు వచ్చాయి, 11 మాత్రం సానుకూలమన్న ధోరణిలో అచ్చయ్యాయి. నన్ను కలవరపెట్టేవి ఈ చివరి 11. అవి గరాటులో చక్కగా చుక్కలై కూర్చుంటాయి. బోసిపోయిన మూల కోసం వెదికే కంటికి అవి అసలు ఆనవు. మన దేశంలోనూ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ సీటీఆర్ఐ 2007లో మొదలై, 2009 నుంచి ట్రయల్ నమోదు తప్పనిసరి అయింది. లోటును ఊహించే బదులు లెక్కపెట్టవచ్చు.

సంఖ్యాప్రియ:
రిజిస్ట్రీలు రాకముందు జరిగిన వందలాది ట్రయల్స్‌కు ఆ లెక్క దొరకదు కనుక గరాటును నేను వదులుకోను. కాకపోతే ఇకపై "ప్రచురణ పక్షపాతం బయటపడింది" అని రాయను. "చిన్న ట్రయల్స్‌లో మేలు ఎక్కువగా కనబడింది, కారణం తేలలేదు" అని రాస్తాను. థీసిస్ గారూ, బొమ్మ తప్పదంటే స్టాండర్డ్ ఎర్రర్‌తోనే గీయండి, పక్కనే నమోదై అచ్చుకాని ట్రయల్స్ పట్టిక కూడా పెట్టండి.