బతుకమ్మ ఫొటోల్లో ముఖాలు ఎర్రగా కొడుతున్నాయి, తప్పు ఇంకుదా సెట్టింగుదా?

గునుగుపువ్వు:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఇంట్లో ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది, ఫొటోల కోసమే కొన్నాం. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర తీసిన ఫొటోలు మేనత్తలకు ఇద్దామని ప్రింట్ పెడితే ముఖాలన్నీ ఎర్రగా కొడుతున్నాయి, తంగేడు పూలు బంతిపూల రంగులోకి వచ్చేశాయి, తెల్ల గునుగేమో లేత గులాబీ అయిపోయింది. స్క్రీన్ మీద ఫొటో చక్కగా ఉంది. ఎండాకాలమంతా ప్రింటర్ వాడలేదు కాబట్టి ఇంకు చిమ్మే హెడ్ ఎండిపోయిందేమోనని క్లీనింగ్ పెట్టి చూశాను, తేడా లేదు. తెలిసినతను ఇంకు మొత్తం తీసేసి కొత్తది పోయమంటున్నాడు. ఫొటోషాప్ నుంచే ప్రింట్ ఇస్తున్నా, పేపర్ గ్లాసీ, సైజు 4×6. సద్దుల బతుకమ్మకు అందరూ ఇంటికొస్తారు, ఆలోపు ఇవ్వాలని ఒకటే టెన్షన్. ఇంకు మార్చమంటారా?

ఓరుగల్లు లెన్స్:
అక్కా, ముందు ఇంకు జోలికి పోకండి. క్లీనింగ్ కూడా ఆపేయండి. క్లీనింగ్ పెట్టినప్పుడల్లా హెడ్‌లోంచి లాగిన ఇంకు కింద ఉండే వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, అది నిండితే ప్రింటరే ఆగిపోతుంది.

మీరు రాసినదాంట్లోనే సగం జవాబుంది. పసుపు ఇంకు రాకపోతే తంగేడు పాలిపోతుంది గానీ బంతి రంగు రాదు. అంటే పసుపు వస్తోంది, దాని మీద మెజెంటా (ముదురు గులాబీ ఇంకు) ఎక్కువ పడుతోంది, లేదా సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం ఇంకు) తక్కువ పడుతోంది. తెల్ల గునుగు గులాబీ అయిందన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం. ఆరు రంగుల ప్రింటర్లో లేత సయాన్, లేత మెజెంటా అని రెండు ఉంటాయి, తెలుపుకు దగ్గరగా ఉండే చోట్ల ఎక్కువగా పనిచేసేవి అవే. లేత సయాన్ నాజిల్, అంటే హెడ్‌లో ఆ ఇంకు బయటికొచ్చే సన్న రంధ్రం, మూసుకుపోతే ముదురు రంగులు బాగానే ఉండి లేత చోట్ల మాత్రం గులాబీ తిరుగుతుంది.

నాజిల్ చెక్ ప్రింట్ తీయండి, అంటే నాజిళ్లన్నీ గీతలు గీసి చూపే పరీక్ష కాగితం. తెల్ల కాగితం మీద లేత సయాన్ గీతలు, పసుపు గీతలు కంటికి సరిగ్గా ఆనవు, చూసి బాగుందిలే అనుకుంటాం. గదిలో లైటు ఆపేసి, ఫోన్లో స్క్రీన్ నిండా ఎర్ర రంగు బొమ్మ పెట్టి ఆ వెలుతురులో కాగితం చూడండి, సయాన్ గీతలు నల్లగా లేచి కనిపిస్తాయి. నీలం రంగు పెడితే పసుపు గీతలు అలాగే కనిపిస్తాయి. ఎక్కడ తెగిందో దొరికిపోతుంది. ఇంకో మాట, ఫొటోల్లో ఆకులు ఏ రంగులో వచ్చాయి?

గునుగుపువ్వు:
అన్నా, చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే ఎరుపు, నీలం రెండు వెలుతుర్లలో చూశాను, ఒక్క గీత కూడా తెగలేదు. ఆకులు ఆకుపచ్చగానే ఉన్నాయి కానీ కాస్త మట్టి రంగు తిరిగాయి. అంటే హెడ్ బాగున్నట్టేనా? మరి ఎరుపు ఎక్కడిది?

మడికొండ మాస్టర్:
హెడ్ బాగుందమ్మా, ఇక అనుమానం పెట్టుకోకు. మిగిలింది సెట్టింగే. ప్రింట్ విండోలో కలర్ హ్యాండ్లింగ్ దగ్గర ఏముందో చూడు. అక్కడ ‘ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్’ అని ఉండి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో కలర్ కరెక్షన్ కూడా ఆటోమేటిక్‌లో ఉంటే రంగు రెండుసార్లు దిద్దినట్టవుతుంది. ఫొటోషాప్ ప్రొఫైల్ (ఏ రంగుకు ఎంత ఇంకు పడాలో చెప్పే ఫైల్) ప్రకారం ఒకసారి మారుస్తుంది, కంప్యూటర్లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి అది మళ్లీ మారుస్తుంది. కూరలో ఇద్దరూ వేరువేరుగా ఉప్పేసినట్టు. ఇలా రెండుసార్లు పడినప్పుడు ఫొటో మొత్తం ఎరుపో మెజెంటానో కొట్టడం మామూలే.

ఎవరో ఒకరే దిద్దాలి. ఫొటోషాప్‌కు వదిలేస్తే డ్రైవర్‌లో ‘నో కలర్ అడ్జస్ట్‌మెంట్’ పెట్టు. ప్రొఫైల్ ఎంచుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో, అది ప్రింటర్, ఇంకు, పేపర్ మూడింటికీ కలిపి చేసింది. కంపెనీ పేపర్‌కు చేసిన ప్రొఫైల్ పెట్టి బజార్లో దొరికే వేరే గ్లాసీ వాడితే రంగు కొంత జరుగుతుంది. అంత తలనొప్పి వద్దనుకుంటే ‘ప్రింటర్ మేనేజెస్ కలర్స్’ పెట్టి వదిలెయ్, ఇంటి ఫొటోలకు చాలా బాగా వస్తాయి. ఏది పెట్టినా డ్రైవర్‌లో పేపర్ రకం గ్లాసీ ఫొటో పేపర్ అని ఉండాలి. ప్లెయిన్ పేపర్ అని ఉంటే ఇంకు వదిలే లెక్కే మారిపోతుంది.

తేడా తేల్చుకోవడానికి ముఖాల ఫొటో వద్దు, కంటికి నచ్చిందే సరైనది అనిపిస్తుంది. ఖిలా వరంగల్ తోరణం ఫొటో ఉంటే దాన్ని ఫొటోషాప్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి, డ్రైవర్‌లో గ్రేస్కేల్ టిక్ పెట్టకుండా కలర్ ఇంకులతోనే ప్రింట్ తియ్. బూడిద రంగులో ఏ కాస్త గులాబీ గానీ ఆకుపచ్చ గానీ కలిసినా ఇట్టే తెలిసిపోతుంది. రామప్ప మదనికల నల్లరాయి కూడా పనికొస్తుంది, కానీ గుడి ఇసుకరాయి ఎర్రది కాబట్టి దాన్ని చూసి తీర్పు చెప్పొద్దు.

కరీంనగర్ క్లిక్:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నావి రెండు మాటలు. ప్రింట్ బయటికి రాగానే రంగు గురించి నిర్ణయానికి రావద్దు, ఆరేటప్పుడు కాస్త మారుతుంది, తెల్లారి కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. రెండోది, ప్రింటర్‌ను గోడ స్విచ్ దగ్గర ఆపేసే అలవాటు ఉంటే మానెయ్యండి. దాని పవర్ బటన్‌తో ఆపితేనే హెడ్ తన చోటికి పోయి మూత కిందికి చేరుతుంది. మధ్యలో కరెంటు కట్ అయితే హెడ్ బయటే ఉండిపోతుంది, మే నెల ఎండల్లో మన దగ్గర ఇంకు ఎండడానికి ఎంతోసేపు పట్టదు. వాడకం లేకపోయినా వారానికి ఒక చిన్న కలర్ ప్రింట్ తీస్తుంటే మంచిది.

గునుగుపువ్వు:
మాస్టారూ, మీరన్నదే! రెండు చోట్లా ఆన్‌లో ఉంది. డ్రైవర్‌లో ఆపేసి తోరణం తీస్తే శుభ్రమైన బూడిద రంగు వచ్చింది. మా అమ్మ ముఖం అసలు రంగులో కనిపిస్తోంది, తంగేడు తంగేడులా ఉంది. కానీ రంగు అద్దిన గునుగు, ఆ మెరిసే గులాబీ, చిలకపచ్చ మాత్రం స్క్రీన్ మీద ఉన్నంత రావట్లేదు. ఇంకేమైనా మార్చాలా?

ఓరుగల్లు లెన్స్:
అక్కడికి ఆపేయండి అక్కా. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద ఇంకు వెలుగును మింగి చూపిస్తుంది, అంత మెరుపు ఈ ఇంకులకు అందదు. సాచురేషన్ (రంగు గాఢత) పెంచితే పూల రేకుల గీతలన్నీ కలిసిపోయి ముద్దవుతుంది, ముఖాలు మళ్లీ ఎర్రబడతాయి. ఫొటోషాప్ వ్యూ మెనూలో గామట్ వార్నింగ్ ఆన్ చేస్తే ఏయే రంగులు అందవో బూడిద మచ్చలుగా చూపిస్తుంది, ఆ పూలను మాత్రం సెలెక్ట్ చేసి సాచురేషన్ కాస్త తగ్గించండి, రేకులు విడివిడిగా నిలబడతాయి. స్క్రీన్ వెలుతురు కూడా సగానికి తగ్గించి పోల్చండి.