“కలరు ఇయ్యండి” ఏ వైపు మాట?

చిత్తూరు చిన్నోడు: పెళ్ళిళ్ళలో మా పెద్దాయన కేకేసేవాడు: “వచ్చినోళ్ళకి కలరు ఇయ్యండబ్బా, కలరో గోలీ సోడానో...” ఆ తర్వాత ఇంకో మాట ఉండేది, ఎంతకీ గుర్తు రావడం లేదు. ఈ “కలరు” మా వైపేనా, ఇంకెక్కడైనా ఉందా?

హోసూరు తెలుగు: తమిళనాట రంగు సోడా అంతా కలరే. మీకు సరిహద్దు దాటి వచ్చింది.

గోదారి గట్టు: మాకు రామచంద్రపురం ఆర్టోస్ ఉండగా కలరెందుకండీ? అయినా మీ మాటకి ప్రశ్న తగిలిస్తే “కలరా” అవుతుంది. చుట్టాలకి ఇచ్చేదేనా అది! ఇప్పుడైతే అన్నీ కూల్‌డ్రింకులే, నల్లగా ఉంటే ఏ కంపెనీదైనా థమ్సప్పే.

బండి ఱ: గోలీ కాదు, గోళీ. భూగోళం, ఖగోళం అని రాసేవాళ్ళు ఇక్కడ లకారానికి ఎందుకు దిగుతారో!

అరసున్న: గోళం సంస్కృతం నుంచి వచ్చింది, గోలీ హిందూస్తానీ నుంచి. దారులు వేరు. వినడానికి దగ్గరగా ఉందని మనమే ళ తొడిగాం.

ఓరుగల్లు పోరడు: మా దిక్కు జొరమొస్తే ఏసుకునేది గోలి, పిలగాండ్లు ఆడేవి గోటీలు. సీసాల ఉన్నది గోటీయే, అయినా గోలిసోడ అనే అంటం. అంటే పేరు సీసాతోనే వచ్చిందన్నట్టు. ఇండ్ల ళ ఏడున్నది?

బండి ఱ: ఆ సీసాకి 1872లో పేటెంటు తీసుకున్న హైరమ్ కాడ్ ఇంగ్లీషువాడు. సీసా వాళ్ళది, మాట ఉత్తరాదిది. ళ ఒక్కటైనా మనది అనుకోనివ్వండి.

గోదారి గట్టు: శ్రీనాథుడికి పల్నాట్లో ఒక్క సోడా దొరికి ఉంటే “గంగ విడుము పార్వతి చాలున్” అని శివుణ్ణి దెప్పేవాడు కాదు. దాహం తీరి ఉంటే మనకి ఆ చాటువే లేదు.

అరసున్న: నీళ్ళే లేవనడం అన్యాయం. ఆయనదిగా చెప్పుకునే ఇంకో చాటువులోనే “నాగులేటి నీళ్ళు” ఉన్నాయిగా!

బండి ఱ: భలే అందించారు. చిన్న రాళ్ళు, చిల్లర దేవుళ్ళు, నాగులేటి నీళ్ళు, నాపరాళ్ళు, తేళ్ళు, పల్లెటూళ్ళు... పద్యం నిండా ళకారమే. పల్నాటి గాలికే ళ పలుకుతుంది. అక్కడ సోడా గోళీ కాక ఇంకేమవుతుంది?

చిత్తూరు చిన్నోడు: పెద్దలారా, నా కలరు సంగతి...

అరసున్న: ఒక్క నిమిషం బాబూ. బండి ఱ గారూ, అవన్నీ బహువచనం తెచ్చిపెట్టిన ళలు. ఒక్కటే ఉంటే తేలు, లకారమే. గోలీకి బహువచనం గోలీలే కాని “గోళ్ళు” కాదు. గోళ్ళంటే గిల్లేవి.

బండి ఱ: గోళీలు అని నేనంటున్నాను కదా!