ఈ వారం సమస్య: అల్లుడొచ్చి యత్త నరిసె జేసె

పీటముడి (నిర్వాహకుడు):
నిన్న సాయంత్రం మా ఇంట్లో అరిసెల పిండి దంచుతుంటే మా ఆవిడ వాళ్ళ పెద్దమ్మ ఫోన్ చేసింది. సిగ్నల్ లేదు, మాటలు తెగి తెగి వస్తున్నాయి. "అల్లుడొచ్చి... అత్తని... అరిసె చేశాడు" అని మూడు ముక్కలు వినబడి ఫోన్ కట్ అయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు, అసలు సంగతేమిటో ఇప్పటికీ తెలీదు. నా చెవికి మాత్రం అది ఆటవెలది నాలుగో పాదంలా మోగింది. కాస్త సర్ది ఇస్తున్నాను:

అల్లుడొచ్చి యత్త నరిసె జేసె

సిగ్నల్ మింగేసిన మాటలు మీరు పూరించండి: ఇది చివరి పాదం, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీవి. గడువు భోగి రాత్రి దాకా. 2024లో సంక్రాంతి 15న వస్తే 14నే పండగ అయిపోయిందనుకుని సగంమంది ఆగిపోయారు, ఈసారి పంచాంగం చూసుకోండి.

మధ్యాక్కర:
ముందు ఒక అభ్యంతరం. "అల్లుఁడు వచ్చి" అనాలి. "ఒచ్చి" గ్రామ్యం. గిడుగువారు పోరాడింది వాడుక వచనం కోసం, ఆటవెలదిలో వకారం మింగెయ్యడానికి కాదు. ఆకాశవాణికి పోస్టుకార్డు మీద పూరణలు పంపిన రోజుల్లో ఇలాంటి పాదం ఇస్తే కార్డు వెనక్కి పంపేవాళ్ళం. సరే, పండగపూట ఇంటికొచ్చిన సమస్యను గుమ్మంలో నిలబెట్టకూడదు కనుక:

పెద్ద పండుగంచుఁ బిల్లతోఁ బాటుగా
నిండు గుండెతోడ నిల్లు మురిసె
వాన కురిసి చేను పండిన రీతిగా
నల్లుఁడొచ్చి యత్త నరిసె జేసె

కురిసింది వాన, పండింది చేను. వచ్చింది అల్లుడు, చేసింది అత్త. కర్తలు వేరైనా తెలుగులో ఈ వాక్యం నడుస్తుంది. ఇంతకు మించి విరుపులు, సర్కస్‌లు అక్కర్లేదు.

నేతిబీర:
మాస్టారి పద్యం ఎప్పటిలాగే గుండ్రంగా, ఎక్కడా చిల్లు లేకుండా ఉంది. "వాన కురిసి చేను" చూసి ఒక్క నిమిషం అసూయపడ్డాను కూడా. కానీ మాస్టారూ, అత్తని అరిసె చెయ్యడమే కదా ఇక్కడి వింత, ఆ వింతను మీరు వాకిట్లోనే వదిలేసి లోపలికొచ్చేశారు. నేను అత్తగారిని నిజంగానే అరిసె చేస్తున్నాను, చూడండి:

నానియుండె మనసు నాల్గు నెలలనుండి
దంచి నవ్వుతోడ దడిపి తడిపి
బెల్లమంటి మాట పెనుపాకమున దిప్పి
యల్లుడొచ్చి యత్త నరిసె జేసె

దసరాకి రాలేదని అత్తగారు అలిగింది. ఆ అలక బియ్యంలా నానింది. నవ్వుతో దంచాడు, బెల్లం మాటల పాకంలో తిప్పాడు. ఆవిడ అరిసై పోయింది. "నానియుండె" అన్న మాట దగ్గర ఆగి ఒకసారి నన్ను మెచ్చుకోమని మనవి.

గసగసాలు:
"నానియుండె" దగ్గర ఆగాను, మెచ్చుకున్నాను. తర్వాత "దడిపి తడిపి" దగ్గర ఆగాను, ఇంకా అక్కడే ఉన్నాను. నేతిబీర గారూ, జన్మలో ఎప్పుడైనా అరిసెల పిండి పట్టుకున్నారా? బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్ళు వాడ్చి, చెమ్మ ఆరకముందే దంచి, జల్లెడ పట్టి, ఆ తడి పోకుండా గిన్నెలో అదిమి మూతపెట్టుకుంటాం. దంచిన పిండిని మళ్ళీ తడిపితే అది అరిసె కాదు, గోడకి పూసుకోవాలి. పైగా నూనెలోంచి తీశాక చెక్కల మధ్య పెట్టి నొక్కాలి కదా, ఆ పనీ పద్యంలో లేదు. అత్తగార్ని నొక్కడం అల్లుళ్ళకి ఒకరు నేర్పాలా.

అయినా మీరు పోయినేడాది సకినాలని ఏం చేశారో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. "సకినమొత్తె నామె జంతిక గొట్టాన". ఎవరండీ సకినాల్ని గొట్టంలో పెట్టి ఒత్తేది! పిండిలో నువ్వులు, వాము కలిపి, పరిచిన గుడ్డ మీద చేత్తో తిప్పుకుంటూ చుట్లు చుట్లుగా పోస్తారు. యతి (పాదంలో అక్షరాల పొంతన) కుదిరిందని జంతికల గొట్టం తెచ్చి పెట్టేశారు.

నేతిబీర:
ఏడాది అయింది అక్కా! ఆ పద్యం కింద నలభై రెండు వ్యాఖ్యలు వచ్చాయి, అన్నీ గొట్టం గురించే, ఒక్కరూ మూడో పాదం చదవలేదు. అందులో మంచి శ్లేష ఉండేది. సరే, రెండో పాదం మార్చాను: "దంచి నవ్వుతోడ దడిగ నుంచి". ఇప్పుడు పిండి తడిగానే ఉంది, మూత కూడా పెట్టాను అనుకోండి.

గసగసాలు:
ఇప్పుడు తినొచ్చు. నిజం చెప్పాలంటే మార్చాక పద్యమే బాగుపడింది, "దడిపి తడిపి" అన్నది గణాలు నింపడానికి వేసిన ఊకలా ఉండేది.

ఇక మాస్టారి దగ్గరకి. చిన్న సందేహం, కోప్పడకండి. మీ అన్వయంలో అరిసె చేసింది అత్త. అంటే "అత్త" ప్రథమా విభక్తి. మరి "అత్త నరిసె"లో ఆ నకారం ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రథమకి ద్రుతం (చివర చేరే నకారం) లేదు కదా. "అత్త యరిసె" అవ్వాలి. నకారం ఉందంటే అది "అత్తన్", ద్వితీయ. అత్తని ఎవరో ఏదో చేసి తీరాలి.

నేతిబీర:
(కుర్చీ లాక్కుని కూర్చున్నాను.)

వలసపక్షి:
అయ్యయ్యో. "ఒచ్చి"ని గుమ్మంలో ఆపిన మాస్టారు నకారాన్ని దొడ్డిదారిన రానిచ్చారా!

మధ్యాక్కర:
పాదం ఇచ్చింది నిర్వాహకుడు, నేను కాదు.

పీటముడి (నిర్వాహకుడు):
పాదంలో తప్పు లేదు మాస్టారూ. నేనిచ్చింది ద్వితీయే. పెద్దమ్మ కూడా "అత్తని" అనే అంది.

మధ్యాక్కర:
ముప్పై ఏళ్ళు పిల్లలకి ద్రుతసంధి చెప్పినవాణ్ణి. పొద్దున్నుంచీ పద్యం ఎన్నిసార్లు చదువుకున్నానో, ఆ నకారం నా కంటికి ఆనలేదు. చేను బాగా పండిందన్న ఆనందంలో కలుపుమొక్క కనబడలేదు. పూరణ ఉపసంహరించుకుంటున్నాను. "వాన కురిసి చేను" మాత్రం నాదే, ఎవరూ ఎత్తుకుపోవద్దు.

కొత్తబియ్యం:
అందరికీ నమస్కారం. ఇది నా రెండో పూరణ, చాలా టెన్షన్‌గా ఉంది. మా ఇంట్లో "అరిచాడు" అనడానికి "అరిసిండు" అంటాం, అక్కణ్ణుంచి తట్టింది.

కాఫీ యేది యంచు గసరుచు నిల్లంత
దిరిగి చూచి చూచి తిక్క రేగి
పండుగింటిలోన బదిమంది నగు రచ్చ
యల్లుడొచ్చి యత్త నరిసె, జేసె

అత్తను అరిసె. పదిమంది నవ్వేలా రచ్చ చేసె. అందరూ పొయ్యి దగ్గర పాకం చూస్తుంటే కాఫీ ఇచ్చేవాళ్ళు లేక అల్లుడికి ఒళ్ళు మండింది.

మధ్యాక్కర:
బాబూ, మొదటి గణం చూసుకో. కాఫీలో "ఫీ" ఎక్కువైంది. రెండు గురువులు పడ్డాయి, అక్కడ సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) కావాలి. ఇక "అరిసె" అంటే అరచెను అనడం గ్రామ్యం. ధాతువు అరచు. "రచ్చ" ఒకచోట, "జేసె" పాదం అవతల. పాఠకుడు రచ్చని చేత్తో పట్టుకుని పాదమంతా నడిచి వెళ్ళాలి.

నేతిబీర:
మాస్టారూ, "ఒచ్చి" పక్కన "అరిసె" కూర్చుంటే తప్పేముంది, ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు. ఈ అబ్బాయి వింతని ఎదురుగా వెళ్ళి పట్టుకున్నాడు. అరిసె మీద శ్లేష ఇంతమందిలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు, ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో మీకు తెలీదు.

కొత్తబియ్యం:
"కాఫి యేది" అని మార్చాను సార్. దీర్ఘం తీసేశాను.

వలసపక్షి:
పాకం పట్టే వేళ కాఫీ అడిగిన అల్లుడికి దీర్ఘం తీసెయ్యడం చిన్న శిక్షే. పాకం ఉండకట్టే ఆ రెండు నిమిషాలు మా అమ్మని దేవుడు పిలిచినా పలకదు. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తుంది, మెత్తటి ఉండ వచ్చిందా, వెంటనే దించి పిండి పొయ్యాల్సిందే. ఒక్క క్షణం ముదిరితే ఆ ఏడాది అరిసెలు గోడకి మేకులు కొట్టడానికి పనికొస్తాయి. తొందరపడి లేతగా దించితే నూనెలో విడిపోయి, జల్లిగరిటెతో ఏరుకోవడమే. నాకు ఈసారి సెలవు దొరకలేదు, వీడియో కాల్‌లో పాకం చూస్తున్నాను. వాసన రాదు, అదే బాధ. నా పూరణ:

చలిమిడింత గిల్లి చక్కని బొమ్మగా
ముక్కు గాజు కొప్పు మూతి దిద్ది
నూనెలోన వేసి నోరూరుచుండ మే
నల్లుడొచ్చి యత్త నరిసె జేసె

అల్లుడు కాదు, మేనల్లుడు. మా అన్న కొడుకు, వయసు ఐదు. మా చెల్లి బొమ్మ చేశాడు.

పీటముడి (నిర్వాహకుడు):
"మే" అని పాదం చివర వేలాడదీసి, "నల్లుడొచ్చి" అని కింద అందుకోవడం చూసి గట్టిగా నవ్వాను, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది. మాస్టారిని ముంచిన నకారం లాంటిదే ఇంకోటి ఇక్కడ ఈయన్ని తేల్చింది.

మధ్యాక్కర:
విరుపు పాతదే, అవధానాల్లో ఇలాంటివి చాలా విన్నాం. కానీ శుభ్రంగా చేశావు. "చలిమిడింత గిల్లి" చాలా బాగుంది. అరిసె కాకముందు అది చలిమిడే, ఆ మాట ఇంతవరకు ఎవరూ వాడలేదు.

గసగసాలు:
పద్యం బాగుంది. ఐదేళ్ళవాడిని మరుగుతున్న నూనె దగ్గరికి ఎవరు రానిచ్చారు?

వలసపక్షి:
వేసింది మా అమ్మే అక్కా. వాడు దూరంగా పీట మీద కూర్చుని "అత్త కాలిపోతోంది" అని ఏడ్చాడు. ఆ సంగతి పద్యంలో పట్టలేదు.

నేతిబీర:
అదే రాయాల్సింది! కొప్పు, గాజు, మూతి అని రెండో పాదమంతా చీరల కొట్టు జాబితాలా నింపే బదులు వాడి ఏడుపు పెట్టుంటే ఈ పద్యం ముందు మేమందరం మూట సర్దుకునేవాళ్ళం.

గసగసాలు:
సర్దుకోవడానికి ఇంకా టైముంది. నాదీ చూడండి. నాకు పెనుపాకాలు, శ్లేషలు రావు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం లెక్క మాత్రం వచ్చు.

వేడి పొయ్యి ముందు వీపు నొచ్చెను గదా
కూరుచుండు డంచు గుర్చి వేసి
చేతి గరిటె లాగి సేద దీరగ నుంచి
యల్లుడొచ్చి యత్త, నరిసె జేసె

అత్త(న్) సేద దీరగ నుంచి, అల్లుడొచ్చి, తనే అరిసె జేసె. కామా ఒక్కటే నా తెలివి.

నేతిబీర:
ఒక్క కామాతో వంటవాణ్ణి మార్చేసింది. వాణ్ణి నిందించలేదు, ఆవిణ్ణి నూనెలో వెయ్యలేదు. అక్కా, మీ మీద నాకు పాత కక్ష లేకపోతే ఇంకా పొగిడేవాణ్ణి. గొట్టం సంగతి మర్చిపోతానని మాటిస్తే మిగతాది పొగుడుతాను.

గసగసాలు:
మర్చిపోను.

కొత్తబియ్యం:
సార్, ఒక చిన్న సందేహం. నా కాఫీకి దీర్ఘం కోసేశారు. అక్క కుర్చీ కాలు విరిచి "కుర్చి" చేస్తే ఏమీ అనలేదేం?

మధ్యాక్కర:
కూర్చుంది అత్తగారు కనుక. గణం సరిపోయింది, నువ్వూ సరిచేసుకున్నావు, ఇద్దరికీ ఒకటే న్యాయం. నాకు వేరే అభ్యంతరం ఉంది. మూడో పాదంలో "నుంచి" దాకా చదివాక ఎవరిని అన్నది తెలియదు, చివరి పాదంలో మూడో మాట దాకా ఆగాలి. కొంచెం దూరాన్వయం. అయినా "వీపు నొచ్చెను గదా" అన్నచోట పద్యం మాట్లాడినట్టు ఉంది, పద్యంలా లేదు. నా వాన కురిసిన చేనులో లేనిది అదే. ఎల్లుండి భోగి మంట దగ్గర మళ్ళీ చదువుతాను.

పీటముడి (నిర్వాహకుడు):
ఇప్పుడే పెద్దమ్మ తిరిగి చేసింది. అసలు వాక్యం ఇది: "అల్లుడొచ్చి, అత్తని ఊరికి తీసుకెళ్ళాడు, నేనొక్కదాన్నే అరిసెలు చేశాను." మిగతాది సిగ్నల్ చేసిన పూరణ. కనుమ గారెలకి మినప్పప్పు ఎంత నానబెట్టాలని కూడా అడిగింది, ఎవరూ రావట్లేదట. మేం వెళ్తున్నాం. ఫలితాలు ముక్కనుమ నాడు.

మధ్యాక్కర:
ఒక మాట. గసగసాలు గారి పద్యం బాగుందని ఇందాక మా ఇంట్లో గొంతెత్తి చదివి వినిపించాను. చదివి ఉండకూడదు. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుంది. గరిటె నా చేతిలో ఉంది, పళ్ళెంలో నీళ్ళు పోశాను, చుక్క వేస్తే చెదిరిపోతోంది. పాకం ఇంకా రాలేదంటారా, నేనే కలిపేశానంటారా? ఎవరైనా త్వరగా చెప్పండి.