వడ్ల కొనుగోలు ఫామ్: ప్యానెల్, గ్రూప్‌బాక్స్, టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్‌లో ఏది ఎక్కడ వాడాలి?

కోవూరు_డెవ్:

నెల్లూరు జిల్లాలో ఒక రైస్ మిల్లుకు వడ్ల కొనుగోలు ప్రోగ్రామ్ రాస్తున్నాను. సీ షార్ప్, విండోస్ ఫామ్స్, డాట్‌నెట్ 8. రైతు వివరాలు, లోడు, తేమ శాతం, ధర, చెల్లింపు కలిపి 60 దాకా కంట్రోళ్లు (గడులు, బటన్లు, లేబుళ్లు) ఉన్నాయి. అన్నీ నేరుగా ఫామ్ మీదే ఉన్నాయి. నాలుగు చోట్ల పని ఆగింది.

ఒకటి: "లెక్క" కింద పుట్టి, క్వింటాల్ అని రెండు రేడియో బటన్లు, "చెల్లింపు" కింద రొక్కం, బ్యాంకు అని ఇంకో రెండు. క్వింటాల్ నొక్కితే రొక్కం మీదున్న చుక్క పోతోంది.

రెండు: కాటా గదిలో 1366 × 768 మానిటర్, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్కేలింగ్ 125 శాతం. ఒకచోట సరిపోయిన ఫామ్ ఇంకోచోట సరిపోదు. తెలుగు లేబుళ్ల చివరి అక్షరాలు గడి వెనక్కి పోతున్నాయి, ఒత్తులు కింద తెగుతున్నాయి.

మూడు: రొక్కం ఎంచుకుంటే బ్యాంకు గడులు కనిపించకూడదు. ఒక్కో గడికీ విడిగా ఒక లైను రాయాల్సి వస్తోంది.

నాలుగు: ఒకే రైతు నాలుగైదు లోడ్లు తెస్తే, "లోడు చేర్చు" నొక్కిన ప్రతిసారీ ఒక వరుస పెరగాలి. కిందికి స్క్రోల్ చేసి నొక్కితే కొత్త వరుసకు ముందు పెద్ద ఖాళీ వస్తోంది.

వీటికి ఏ ప్యానెల్ ఎక్కడ వాడాలో చెప్పండి.

ఒంగోలు_డెస్క్‌టాప్:

ప్యానెల్ అంటే రంగు వేసిన పెట్టె అనుకుంటే దారి తప్పుతారు. అది తన లోపలి కంట్రోళ్లకు పేరెంట్, అంటే వాటిని పట్టి ఉంచేది. స్థానం, కనిపించడం, పనిచేయడం, ట్యాబ్ వరుస, రేడియో జట్టు, ఫాంట్ అన్నీ పేరెంట్‌ను బట్టే నడుస్తాయి. మీ మొదటి సమస్యా మూడో సమస్యా ఇక్కడే తీరతాయి.

రేడియో బటన్లు ఒకే పేరెంట్ కింద ఉంటే వాటిలో ఒక్కటే ఎంపికవుతుంది. మీ నాలుగు బటన్లకూ పేరెంట్ ఫామే, కాబట్టి నాలుగూ ఒకే జట్టు. "లెక్క"కు ఒక గ్రూప్‌బాక్స్, "చెల్లింపు"కు ఇంకొకటి పెట్టండి. కోడ్ ఏమీ అక్కర్లేదు. శీర్షిక కావాలంటే గ్రూప్‌బాక్స్, స్క్రోల్ కావాలంటే ప్యానెల్. గ్రూప్‌బాక్స్‌కు ఆటోస్క్రోల్ లేదు, ప్యానెల్‌కు శీర్షిక కనిపించదు. రెండూ కావాలంటే గ్రూప్‌బాక్స్ లోపల ప్యానెల్ పెట్టి డాక్ (అంచుకు అతికించే ప్రాపర్టీ) విలువ ఫిల్ (మొత్తం చోటు నింపు) చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డిజైనర్‌లో బటన్‌ను బాణం కీలతో జరిపి ప్యానెల్ మీదికి తెస్తే, చూడటానికి లోపల ఉన్నట్టే ఉంటుంది, పేరెంట్ మాత్రం ఫామే. మౌస్‌తో లాగి ప్యానెల్ మీద వదలాలి, లేదా కట్ చేసి ప్యానెల్‌ను ఎంచుకుని పేస్ట్ చేయాలి. అనుమానం వస్తే వ్యూ మెనూలో అదర్ విండోస్ కింద డాక్యుమెంట్ అవుట్‌లైన్ తెరవండి. ఏది దేని కింద ఉందో చెట్టులా కనిపిస్తుంది, అక్కడే లాగి మార్చుకోవచ్చు. 60 కంట్రోళ్ల ఫామ్‌ను ప్యానెళ్లలోకి సర్దేటప్పుడు ఈ కిటికీ తెరిచే ఉంచుకోండి. మొదటి గంటలోనే దాని విలువ తెలుస్తుంది.

బ్యాంకు గడులన్నీ ఒక ప్యానెల్‌లో పెట్టి, బ్యాంకు రేడియో మారినప్పుడు ఆ ప్యానెల్ విజిబుల్ ఒక్కటి మారిస్తే చాలు. చూపిస్తూనే దిద్దనివ్వకూడదంటే ఎనేబుల్డ్ తీసేయండి, లోపలివన్నీ ఒకేసారి ఆగుతాయి.

ట్యాబ్ కీ కూడా గుర్తుంచుకోండి. ముందు ప్యానెల్ ట్యాబ్ సంఖ్య, ఆ తర్వాత లోపలి కంట్రోళ్ల సంఖ్యలు లెక్కలోకి వస్తాయి. వ్యూ మెనూలో ట్యాబ్ ఆర్డర్ తెరిస్తే 2.0, 2.1 అన్నట్టు కనిపిస్తాయి. ప్యానెళ్లు సర్దిన తర్వాత ఇది మళ్లీ చూడకపోతే, కాటా దగ్గర కూర్చునే గుమాస్తా ట్యాబ్ నొక్కినప్పుడల్లా కర్సర్ అటూ ఇటూ దూకుతుంది.

కావలి_ఫామ్స్:

రెండో సమస్యకు నేను చెబుతాను. బయటి చట్రానికి డాక్, లోపలి గడులకు టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్ (కంట్రోళ్లను పట్టికలా సర్దే ప్యానెల్). ఈ రెండూ కుదిరితే స్కేలింగ్ బాధ చాలావరకు పోతుంది.

ఫామ్ మీద మూడు ప్యానెళ్లు వేయండి. పైన రైతు వివరాలకు డాక్ టాప్, కింద మొత్తం, సేవ్ బటన్లకు డాక్ బాటమ్, మధ్యలో లోడ్లకు డాక్ ఫిల్. మధ్య ప్యానెల్ పైభాగం పై ప్యానెల్ వెనక దాక్కుంటే, దాని మీద రైట్ క్లిక్ చేసి బ్రింగ్ టు ఫ్రంట్ ఇవ్వండి. డాకింగ్ లెక్క వెనకున్న కంట్రోల్ నుంచి ముందుకు నడుస్తుంది. ఫిల్ ఉన్నది అన్నిటికన్నా ముందుంటేనే చివరి వంతు దానికి వచ్చి, మిగిలిన చోటు తీసుకుంటుంది.

రైతు వివరాల ప్యానెల్ లోపల నాలుగు నిలువు వరుసల టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్: లేబుల్, గడి, లేబుల్, గడి. లేబుల్ వరుసల కొలత ఆటోసైజ్, గడుల వరుసలు 50 శాతం చొప్పున. ముందు స్థిరమైన పిక్సెళ్లు, తర్వాత ఆటోసైజ్, మిగిలింది శాతాల మధ్య, ఈ క్రమంలోనే చోటు పంచుతుంది. "రైతు పేరు" కన్నా "బస్తా తూకం తగ్గింపు" పొడుగు. లేబుల్ వరుసకు 100 పిక్సెళ్లని రాసిపెడితే తెలుగు లేబుళ్లు తెగక మానవు. ఆటోసైజ్ ఇస్తే పొడుగు లేబుల్‌ను బట్టి వరుస తానే పెరుగుతుంది.

లేబుల్‌కు ఆటోసైజ్ ట్రూ, యాంకర్ (ఏ అంచులకు కట్టి ఉంచాలో చెప్పే ప్రాపర్టీ) లెఫ్ట్ మాత్రమే. అప్పుడు లేబుల్ టేబుల్ అర ఎత్తులో మధ్యకు వస్తుంది. టెక్స్ట్‌బాక్స్‌కు యాంకర్ లెఫ్ట్, రైట్ రెండూ. అడ్డ వరుసలకూ ఆటోసైజే ఇవ్వండి, ఒత్తులు తెగడం ఆగుతుంది. టేబుల్‌కు డాక్ ఫిల్ ఉంటే, మిగిలిన ఎత్తంతా చివరి అడ్డ వరుసకే పోయి అది సాగినట్టు కనిపిస్తుంది. కింద ఒక ఖాళీ వరుస చేర్చి 100 శాతం ఇస్తే ఆ ఎత్తు అక్కడికి పోతుంది.

టేబుల్‌లో ఒక్కో అరలో ఒకే కంట్రోల్ పడుతుంది. తూకం పక్కనే "కిలోలు" అని రాయాలంటే ఆ అరలో చిన్న ఫ్లోలేఅవుట్‌ప్యానెల్ (కంట్రోళ్లను ఒకదాని తర్వాత ఒకటి సర్దే ప్యానెల్) పెట్టి రెండూ అందులో వేయండి. బ్యాంకు ప్యానెల్ ఉన్న అడ్డ వరుస కూడా ఆటోసైజే అయి ఉండాలి. దాచినప్పుడు వరుస ముడుచుకుంటుంది. స్థిర పిక్సెళ్లిస్తే ప్యానెల్ పోయినా ఖాళీ మిగులుతుంది.

ఫాంట్ ఫామ్‌కు ఒక్కచోటే ఇవ్వండి, నిర్మల యూఐ 10 పాయింట్లు తెలుగుకు బాగుంటుంది. పేరెంట్ ఫాంట్‌నే లోపలివి తీసుకుంటాయి. ఏదైనా మారకపోతే దాని ప్రాపర్టీల్లో ఫాంట్ బోల్డ్‌గా కనిపిస్తుంది, అంటే విడిగా ఇచ్చారని అర్థం. రైట్ క్లిక్ చేసి రీసెట్ నొక్కండి.

కోవూరు_డెవ్:

రేడియోలు, లేబుళ్లు సరిపోయాయన్నా, ఇద్దరికీ ధన్యవాదాలు. కానీ ప్యానెళ్లలోకి సర్దాక "కొత్త బిల్లు" బటన్ గడులను ఖాళీ చేయడం లేదు. ఫామ్ కంట్రోల్స్ మీద లూప్ వేసి టెక్స్ట్‌బాక్స్ దొరికితే ఖాళీ చేయమని రాసి ఉంది. ఎర్రర్ ఏమీ రావడం లేదు.

ఒంగోలు_డెస్క్‌టాప్:

ఫామ్ కంట్రోల్స్ జాబితాలో ఉండేవి ఫామ్ నేరు పిల్లలే. ఇప్పుడవి మూడు ప్యానెళ్లు, అందుకే లూప్‌కు టెక్స్ట్‌బాక్స్ ఒక్కటీ దొరకదు. పేరెంట్‌ను తీసుకునే ఒక ఫంక్షన్ రాయండి: లోపలి ప్రతి కంట్రోల్‌ను చూసి, టెక్స్ట్‌బాక్స్ అయితే ఖాళీ చేయాలి, దానికీ పిల్లలుంటే అదే ఫంక్షన్‌ను దాని మీద మళ్లీ పిలవాలి.

సేవ్ చేసేటప్పుడు "ఖాతా నంబరు గడి విజిబుల్ అయితేనే తీసుకో" అన్న షరతు ఉంటే అదీ తీసేయండి. పేరెంట్ దాగి ఉంటే పిల్ల విజిబుల్ కూడా ఫాల్స్ అనే చెబుతుంది. రేపు ఆ ప్యానెల్‌ను ట్యాబ్ పేజీలోకి మారిస్తే, ఆ పేజీ తెరిచి లేనప్పుడు సేవ్ నొక్కినా ఫాల్సే వస్తుంది, ఖాతా నంబరు లేకుండా బిల్లు పడుతుంది. రైతుకు డబ్బు చేరే విషయం ఇది. బ్యాంకు రేడియో చెక్డ్ అవునో కాదో చూడండి.

దర్శి_సీషార్ప్:

నాలుగోది మిగిలింది. ఆటోస్క్రోల్ ఉన్న ప్యానెల్‌ను 200 పిక్సెళ్లు కిందికి జరిపితే, అందులోని కంట్రోళ్ల అసలు స్థానాలే 200 తగ్గుతాయి. మీరు కొత్త వరుసను 400 దగ్గర పెడితే, మొదటి నుంచి లెక్కిస్తే అది 600 దగ్గర పడుతుంది. ఆ ఖాళీ అదే. ఆటోస్క్రోల్‌పొజిషన్ విలువను మీ లెక్కకు కలపండి. చదివితే అది రుణసంఖ్య ఇస్తుంది, ఇక్కడ −200, కాబట్టి కలిపితే చాలు. స్క్రోల్‌ను మీరే జరపాలనుకుని దానికి విలువ ఇచ్చేటప్పుడు మాత్రం ధనసంఖ్య ఇవ్వాలి.

అయినా ఈ లెక్క లేని దారి మేలు. లోడు వరుసను ఒక యూజర్‌కంట్రోల్‌గా (కొన్ని కంట్రోళ్లు కలిపి మీరే చేసుకునే ఒక కంట్రోల్‌గా) చేయండి: లారీ నంబరు, బస్తాలు, తూకం, తేమ, రకం, తీసేసే బటన్. వాటిని ఫ్లోలేఅవుట్‌ప్యానెల్‌లో వేయండి. ఫ్లోడైరెక్షన్ టాప్‌డౌన్, ర్యాప్‌కంటెంట్స్ ఫాల్స్, ఆటోస్క్రోల్ ట్రూ. స్థానాలు అదే చూసుకుంటుంది. వెడల్పు మాత్రం మీరే చూడాలి. ఇందులో డాక్, యాంకర్ ప్యానెల్ వెడల్పును కాక, లోపలున్న వాటిలో అన్నిటికన్నా వెడల్పైన కంట్రోల్‌ను చూసి పనిచేస్తాయి. ప్యానెల్ క్లయింట్ వెడల్పు (లోపలి చోటు వెడల్పు) మారినప్పుడు ప్రతి వరుసకూ ఆ వెడల్పులోంచి రెండు పక్కల మార్జిన్ తీసి ఇవ్వండి.

పాత బిల్లు తెరిచేటప్పుడు వరుసలు చేర్చే ముందు సస్పెండ్‌లేఅవుట్, అయ్యాక రెస్యూమ్‌లేఅవుట్. లేకపోతే ఒక్కో వరుసకూ లెక్కంతా మళ్లీ నడిచి తెర మిణుకుతుంది.

బిల్లు మార్చేటప్పుడు కంట్రోల్స్ క్లియర్ ఒక్కటే పిలిస్తే వరుసలు తెర మీద నుంచి పోతాయి గానీ వాటి విండో హ్యాండిళ్లు (ఒక్కో కంట్రోల్‌కు విండోస్ ఇచ్చే గుర్తులు) పోవు. వరుసకు 7 హ్యాండిళ్లు, బిల్లుకు 40 వరుసలు అనుకుంటే 280. విండోస్ ఒక ప్రోగ్రామ్‌కు మామూలుగా ఇచ్చే హద్దు 10,000. అంటే 35 బిల్లులు దాటేసరికి విండో హ్యాండిల్ తయారు చేయలేకపోయానన్న ఎర్రర్ వస్తుంది. ప్రతిదానికీ డిస్పోజ్ (హ్యాండిల్‌ను వదిలించే ఫంక్షన్) పిలవాలి. ఫర్ఈచ్ లూప్‌తో పిలిస్తే జాబితా నడుస్తుండగానే కుదించుకుపోయి కొన్ని మిగిలిపోతాయి. జాబితాలో ఏదైనా ఉన్నంతవరకూ సున్నా స్థానంలోని దాన్ని డిస్పోజ్ చేస్తూ పొండి. నిజంగా 40 వరుసల బిల్లులే ఎక్కువైతే ప్యానెళ్లు వదిలేసి డేటాగ్రిడ్‌వ్యూ (వరుసలను పట్టికగా చూపే కంట్రోల్) వాడండి. నాలుగైదు లోడ్లయితే ఈ పద్ధతే హాయి.

మిల్లువాళ్లకు ఇచ్చే ముందు ఇంకొకటి చేయండి. వడ్ల రకం కాంబోబాక్స్ (జాబితాలోంచి ఎంచుకునే గడి) మీద కర్సర్ ఉండగా ప్యానెల్ కదలాలని మౌస్ చక్రం తిప్పితే, ఎన్‌ఎల్‌ఆర్ 34449 అని ఉన్నది ఎవరూ చూడకుండానే బీపీటీ 5204 కావచ్చు. రకాన్ని బట్టే ధర వేసే ప్రోగ్రామ్ అయితే మొత్తం బిల్లే తప్పు పడుతుంది. కాంబో మౌస్‌వీల్ ఈవెంట్‌లో ఆర్గ్యుమెంట్‌ను హ్యాండిల్డ్‌మౌస్‌ఈవెంట్‌ఆర్గ్స్‌గా మార్చి, హ్యాండిల్డ్ ట్రూ ఇవ్వండి. న్యూమరిక్‌అప్‌డౌన్‌తో (అంకెను పెంచే, తగ్గించే గడి) తేమ శాతం తీసుకుంటుంటే దానికీ అదే చేయండి.