చెల్లు, చెల్లించు, చెల్లుబడి

ప్రశ్న: మాస్టారూ, ‘కాలం చెల్లిన మందు’లో చెల్లు, ‘పన్ను చెల్లించు’లో చెల్లు ఒకటేనా? ఒకచోట పనికిరాకుండా పోవడం, ఇంకోచోట డబ్బు కట్టడం. పొంతన కుదరడం లేదండి.

జవాబు: ఒకటేనండి. మూలంలో దానికి పోవడం, సాగడం అనే అర్థం. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళడం, చెల్లని నాణెం ‘సెల్లాక్కాసు’. కన్నడంలో ‘సల్లు’. గడిచిపోయిన కాలం చెల్లింది. చేతులు మారుతూ సాగే నాణెం చెల్లుతుంది. రాసిపెట్టిన గింజలు అయిపోతే నూకలు చెల్లాయి. బాకీ తీరితే చెల్లు. ఊళ్ళో మాట సాగే పెద్దమనిషికి చెల్లుబడి ఉందంటాం.

ఈ చెల్లుబడి దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. డబ్బుకీ అధికారానికీ ఒకే మాట ఎందుకొచ్చింది? 1905లో జర్మనీలో క్నాప్ అనే ఆర్థికవేత్త, నాణెం చెల్లేలా చేసేది అందులోని వెండి కాదు, రాజ్యం దాన్ని తనకు రావలసిన బాకీల కింద పుచ్చుకోవడమే అన్నాడు. ఇప్పుడు ఆధునిక ద్రవ్య సిద్ధాంతం చెబుతున్న వారెన్ మోస్లర్, రాండల్ రే, స్టెఫనీ కెల్టన్ వంటివాళ్ళకి ఆ మాటే పునాది.

మన డెల్టానే చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్ళతోపాటు నీటి తీరువా కూడా వచ్చింది. సర్కారుకి రూపాయలు కట్టాలంటే రైతు కళ్ళంలో ధాన్యం అమ్మి ఆ రూపాయలు సంపాదించాలి. మా తాతగారి ట్రంకు పెట్టెలో శిస్తు రసీదులు ఉండేవి. నాయనమ్మ వాటిని చెల్లుచీటీలు అనేది. రూపాయి పుట్టిన చోటికి తిరిగి వెళ్ళింది, బాకీ పోయింది, రెండూ చెల్లు. ఈ సిద్ధాంతం పన్ను గురించి చెప్పేది సరిగ్గా ఇదే. కేంద్రం ఖర్చు పెట్టినప్పుడు రూపాయి పుడుతుంది, పన్నుగా తిరిగొచ్చినప్పుడు రద్దవుతుంది. ముందు బొక్కసం నింపుకుని తర్వాత ఖర్చు పెట్టడం మన ఇంటి లెక్క, రూపాయిని పుట్టించేవాళ్ళ లెక్క కాదంటారు.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు చెల్లవన్నారు కదా. కిరాణా కొట్లో తీసుకోని ఆ నోట్లనే ఇంటి పన్ను కింద, కరెంటు బిల్లు కింద ఇంకొన్నాళ్ళు తీసుకున్నారు. చెల్లుబడి ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది.

ప్రశ్న: అయితే నోట్లు అచ్చేసి మా కాలవల్లో పూడికంతా తీయించొచ్చు కదండీ?

జవాబు: రాష్ట్రానికి ఆ వీలు లేదండి. మనలాగే దానికీ ముందు డబ్బు రావాలి. కేంద్రానికి కూడా హద్దుంది, కాకపోతే ఆ హద్దు డబ్బు కాదు, మనుషులూ సరుకూ. కూలీలు, పొక్లెయిన్లు ఖాళీగా ఉన్న వేసవిలో అయితే పూడిక కదులుతుంది. అందరూ నాట్లలో ఉన్నప్పుడు ఎంత డబ్బు గుమ్మరించినా కూలి రేట్లు పెరుగుతాయి, ఆ తర్వాత ధరలు. నోట్లు అచ్చేసి ఇవ్వడానికీ ఒక అడ్డు ఉంది. 2006 ఏప్రిల్ నుంచి కేంద్రం కొత్తగా జారీచేసే బాండ్లను, అంటే అప్పుపత్రాలను, రిజర్వు బ్యాంకు మామూలుగా నేరుగా కొనకూడదు. ఇది మనకు మనం వేసుకున్న కట్టడి అని ఈ సిద్ధాంతులు వాదిస్తారు. ఆ కట్టడి ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

ఈ సిద్ధాంతంలో నాకు మింగుడుపడనిది చమురు సంగతి. మనం వాడేదాంట్లో ఎక్కువ భాగం బయటినుంచే వస్తుంది. అది అమ్మేవాడు మన సర్కారుకి పన్ను బాకీ లేడు, కాబట్టి మన చెల్లుబడి కాకినాడ రేవు దాటదు. అక్కడ డాలర్లు కావాలి. డీజిల్ పెరిగితే లారీ కిరాయి, కోత మిషను అద్దె, చివరికి బియ్యం ధర. దీనికి ఆ సిద్ధాంతులిచ్చే జవాబు నాకింకా తృప్తిగా లేదండి.