అప్‌డేట్: హాస్పిటలర్లకు నలుపే వేశాను

క్రూసేడ్ల కాలం నాటి 1187 హతీన్ యుద్ధం వార్‌గేమ్ (చిన్న బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట) కోసం 28 మిల్లీమీటర్ల హాస్పిటలర్ నైట్ల (క్రైస్తవ సన్యాసి యోధుల) బొమ్మల అంగీలకు ఎరుపు వేయాలా, నలుపు వేయాలా అని అడిగాను కదా. నలుపేనని చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్. యుద్ధంలో తెల్ల శిలువతో ఎర్ర అంగీకి పోప్ నాలుగో అలెగ్జాండర్ అనుమతిచ్చింది 1259లో, అంటే హతీన్ జరిగిన 72 ఏళ్లకు. అప్పటికే ముగ్గురికి ఎరుపు పూసేశాను. మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

అచ్చంగా నల్లరంగే పూస్తే మడతలన్నీ మాయమై బొమ్మ బొగ్గుముక్కలా అయిపోయింది. ముదురు బూడిదరంగును బాగా పలచన చేసి మడతల అంచుల మీద మాత్రమే సన్నగా లాగాక, అప్పుడు గుడ్డ గుడ్డలా కనిపించింది! శిలువకు ముందు లేత బూడిద, దాని మీద తెలుపు. నేరుగా తెలుపు వేస్తే చారలు కట్టింది.

ఇక టెంప్లర్లు (అలాంటిదే మరో యోధుల సంఘం వాళ్లు) మిగిలారు. నైట్లకు తెలుపు, సార్జెంట్లకు (నైట్ల కంటే కింది హోదా వాళ్లకు) నలుపో గోధుమరంగో వేస్తాను.